కేసీ కాలువ కొరమీను

నంద్యాల వైపు చేపల అంగళ్లలో మిగతా చేపలన్నీ ఐసు మీద ఉంటే కొరమీను మాత్రం తొట్టిలో ప్రాణంతో ఉంటుంది. నీళ్లు వీపు మునిగేంతే పోస్తారు. పైన వలో, తడిపిన గోనెపట్టానో కప్పకపోతే ఒక్క గెంతుతో కిందపడి బండల మీద పాక్కుంటూ పోతుంది. కొనే మనిషి చూపించిన చేపను అమ్మే ఆమె తల దగ్గర బిగించి పట్టి, ఒక్క దెబ్బ వేసి, బూడిద చల్లి, జిగురు వదిలేదాకా బండకు రుద్దుతుంది. ఆ తర్వాతే కత్తిపీట ముందుకు లాగుతుంది. బతికున్న కొరమీనుకు ఒక ధర, చచ్చినదానికి వేరే ధర.

ఈ ధర వెనక చేప ఒంట్లోని ఏర్పాటు ఉంది. కొరమీనుకు మొప్పల పైన, తలలో రెండు గదులుంటాయి. నీటిపైకి వచ్చి నోటితో గాలి మింగి ఆ గదుల్లో నింపుకుంటుంది. పైకి రానివ్వకుండా ఆపితే చేప అయ్యుండీ నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, మన చేపల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఫ్రాన్సిస్ డే ఈ సంగతిని గాజుపాత్రల్లో పరీక్షించి చూశాడు. కొరమీను, మట్టగిడస వంటి చేపలను నీళ్లలో ఉంచి, అవి పైకి రాకుండా నీటి మట్టానికి కింద వల అడ్డం కడితే అవి బతకలేదు. అదే చేపలు తడి బురదలో రోజుల తరబడి బతికాయి. చెరువు ఎండినప్పుడు బురదలోకి దూరి వాన కోసం కాచుకునే చేప ఇదేనని మన రైతుకు ముందే తెలుసు. డే ఆ తెలివికి కారణం చూపించాడు.

అందుకే రాయలసీమలో చేపను పెంచడం అన్న మాటకు మొదటి అర్థం కొరమీనును దాచుకోవడమే. కరెంటు మోటార్లు రాకముందు ఇక్కడి సేద్యమంతా కపిలె బావుల మీద నడిచింది. మెట్లు దిగి వెళ్లే ఆ వెడల్పాటి బావుల్లో కొరమీను పిల్లలు నాలుగు పడితే చాలు, కప్పపిల్లలు, పురుగులు, పైనుంచి పడే మిడతలు తిని పెరిగేవి. వాలుగ అలా కుదిరే చేప కాదు. అదీ వేటచేపే, కొరమీను కంటే పెద్దదవుతుంది. కానీ గాలి మింగే గదులు దానికి లేవు. నీటిలో ప్రాణవాయువు తగ్గిందా, ముందు తేలేది అదే. ఏటి చేపగానే ఉండిపోయింది, ఇంటి చేప కాలేకపోయింది.

పెన్నాలో కలిసే కుందూ నది పరీవాహకంలో ఉన్న గడివేముల, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నీటి చరిత్ర 19వ శతాబ్దంలో ఒక్కసారిగా మారింది. 1858లో ఏర్పడ్డ మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా దాదాపు 300 కిలోమీటర్ల కాలువ తవ్వింది. అదే కర్నూలు-కడప కాలువ, అంటే కేసీ కాలువ. పని 1863లో మొదలై 1871కి ముగిసింది. హంద్రీని అక్విడక్టు మీద దాటి, మిట్టకందాల దగ్గర కృష్ణా, పెన్నా పరీవాహకాల మధ్య గట్టును కోసుకొని వచ్చిన ఈ నీళ్లు నిప్పులవాగు, గాలేరు మీదుగా కుందూలో కలిశాయి. కంపెనీ నష్టాల్లో కూరుకుపోతే 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. లెక్కల పుస్తకాల్లో అది దివాలా కథ. చేపల లెక్కలో మాత్రం రెండు నదుల మధ్య ఎప్పుడూ లేని దారి తెరుచుకుంది. తుంగభద్ర పిల్ల చేపకు పెన్నా దాకా నీటి దారి దొరికింది.

దారి తెరిచిన ఆనకట్టలే మరోచోట దారి మూశాయి. వరదకు ఎదురీదే చేపలు గోడ దగ్గర ఆగిపోతున్నాయన్న మాట 1860ల్లోనే పుట్టింది. ఈ కంపెనీకి ప్రాణం పోసిన ఆర్థర్ కాటన్ స్వయంగా ఆ ఆందోళన వెలిబుచ్చినవారిలో ఒకడు. అందులోంచే డేకు విచారణ పని దక్కింది. మంచినీటి చేపల మీద ఆయన నివేదిక 1873లో వచ్చింది. ‘ఫిషెస్ ఆఫ్ ఇండియా’ 1875 నుంచి 1878 వరకు భాగాలుగా అచ్చయింది. పేలుడు మందుతో, విషంతో చేపలు పట్టడాన్ని ఆపుతూ 1897లో చట్టం వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో 1907లో చేపల శాఖ మొదలైంది. ఆ శాఖ చేపల్ని పట్టడం కాదు, పెంచడం నేర్పాలనుకుంది. 1911లో చేపల క్షేత్రం కట్టింది. ఎక్కడో కాదు, సుంకేసుల దగ్గర, కేసీ కాలువ పుట్టిన చోటే. మన దేశంలో సర్కారు కట్టిన తొలి క్షేత్రాల్లో దానికి చోటుంది. కర్నూలు జిల్లా చరిత్రలో దీనికి దక్కాల్సిన పేజీ ఇప్పటికీ దక్కలేదు.

సర్కారు చేపల పెంపకంతో పాటు కొరమీను హోదా తలకిందులైంది. బావిలో ముద్దుబిడ్డ చేపగుంటలో దొంగ అయింది. బొచ్చె, రోహు పిల్లలను వదిలే నర్సరీ గుంటలో ఒక్క కొరమీను మిగిలినా పంట పోయినట్టే. అందుకని గుంటలో పిల్లలను వదలకముందు ఇప్ప చెక్క పిండి చల్లడం పద్ధతైంది. మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,000 నుంచి 2,500 కిలోలు. ఆ పిండిలోని సపోనిన్ చేపల నెత్తురును విరిచి చంపుతుంది. రెండు మూడు వారాలకు విషం విరిగి, అదే పిండి గుంటకు ఎరువవుతుంది. 1957లో హీరాలాల్ చౌదురి ఇంజెక్షన్‌తో కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించాక ఈ పద్ధతి పల్లెపల్లెకూ పాకింది. చెరువుల్లో సర్కారు పిల్లలు నిండాయి, కొరమీను గట్టు పక్క గడ్డిలోకి జరిగింది.

ఆ గడ్డిలో అది బిడ్డల్ని సాకే తీరు తెలిసినవారికి ఈ చేపను దొంగ అనబుద్ధి కాదు. తల్లీ తండ్రీ కలిసి గడ్డి తొలగించి గుండ్రంగా చోటు చేస్తాయి. గుడ్లు నీటిపైన తేలతాయి. పిల్లలు ఎర్రగా, గుంపుగా, బంతిలా చుట్టుకొని పైకీ కిందికీ ఆడుతుంటాయి. కిందనే పెద్దచేప కాపలా. దగ్గరికి వచ్చిన కప్పనైనా, మనిషి కాలినైనా తాకుతుంది. ఎర్ర గుంపు కనిపించిన చోట గాలం వేస్తే తల్లి తగులుతుందని పట్టేవారికి తెలుసు. తల్లి పోయిన గుంపు ఎక్కువసేపు మిగలదు. వానాకాలం మొదట్లో ఈ వేటను ఊరే ఆపుకోవాలి, ఎందుకంటే గట్టు మీద అధికారి ఉండడు.

కొరమీను పోగొట్టుకున్న గౌరవం కొంత తిరిగొచ్చింది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా కొరమీనునే ఎంచుకుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందుకు కూడా బతికున్న కొరమీను పిల్లే కావాలి. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. రోగానికి అది పనిచేస్తుందన్న దానికి శాస్త్రీయ ఆధారం లేదు. జనం చేతుల్లో నీళ్ల సంచుల్లో గంటల తరబడి చావకుండా ఉండే చేపపిల్ల మరొకటి దొరకడం కష్టమన్నది మాత్రం నిజం.

ఇక గాజుతొట్టి. లండన్ జూలో 1853లో తెరిచిన చేపల ఇల్లు ప్రపంచంలో తొలి బహిరంగ అక్వేరియం. మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో మన దేశపు తొలి అక్వేరియం వచ్చింది. కర్నూలు అప్పటికి మద్రాసు కిందే ఉంది. గాజు వెనక చేపను చూడడం ఒకటి, ఆ నీటిని చెడకుండా ఉంచడం ఇంకొకటి. రెండో దానికి జవాబు అక్వేరియం నుంచి రాలేదు, మురుగునీటి నుంచి వచ్చింది. 1877లో ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఒక నిలువు గాజుగొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి పైనుంచి మురుగునీటిని మెల్లగా వదిలారు. ఇరవై రోజుల దాకా అమోనియా అలాగే దిగింది. ఆ తర్వాత తగ్గుతూ, దాని బదులు నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫారం ఆవిరి పంపితే పని ఆగిపోయింది. అంటే రాతికి కాదు, రాతికి అంటుకొని పెరిగిన ప్రాణులకు ఆ శక్తి. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ బ్యాక్టీరియాను విడదీశాడు. ఈ రోజు దుకాణంలో దొరికే ఏ ఫిల్టరైనా, స్పాంజిదైనా, కింద సంపు తొట్టి పెట్టేదైనా, ఆ గాజుగొట్టం సంతానమే.

మాంసం తినే చేపకు ఇది రెట్టింపు అవసరం. రొయ్య, చేప ముక్క, మాంసకృత్తుల గుళికలు, ఏది వేసినా అందులోని నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల ద్వారా అమోనియాగా నీటిలోకే వస్తుంది. సరిగ్గా ఇక్కడే కొరమీను గుణం పెంచేవాడిని మోసం చేస్తుంది. నీటిలో ప్రాణవాయువు లేకపోతే ఇంకో చేప తేలి హెచ్చరిస్తుంది. కొరమీను గాలి మింగి ఊరుకుంటుంది. అమోనియా మొప్పల్నీ చర్మాన్నీ కాలుస్తున్నా రోజులు గడిపేస్తుంది. మేత మానినప్పుడో, కళ్ల మీద పొర కమ్మినప్పుడో తెలిసేసరికి ఆలస్యమవుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చే అరపైమా, ఉత్తర అమెరికా మొసలి చేప అలిగేటర్ గార్, ఇవీ గాలి పీల్చేవే. పెద్ద వేటచేపల మోజులో పడ్డవారు ‘ఇవి గట్టి చేపలు’ అని నమ్మడానికి ఇదే కారణం. గట్టిదనం ఓర్పు వల్ల వచ్చింది, నీళ్లు బాగుండడం వల్ల కాదు.

నంద్యాల ప్రాంతానికి ఇందులో ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. ఇక్కడి నేల కింద సున్నపురాయి పొరలున్నాయి. కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అని భూగర్భ శాస్త్రమే ఈ ఊళ్ల పేర్లు పెట్టుకుంది. బేతంచెర్ల నాపబండలు కూడా సున్నపురాయే. బోరు నీరు గట్టిగా, క్షారంగా ఉంటుంది. ఫిల్టరులో బ్యాక్టీరియా ఒక గ్రాము అమోనియా నత్రజనిని మార్చడానికి ఏడు గ్రాములకు పైగా సున్నపు క్షారాన్ని ఖర్చు చేస్తుంది. ఇక్కడి నీటిలో అది ఉచితం, ష్లోసింగ్ గొట్టంలో సున్నపురాయి చేసిన పనే ఇది. మెత్తటి నీటి ఊళ్లలో కొన్నాళ్లకు ఫిల్టరు పులిసి ఆగిపోతుంది, ఇక్కడ అంత తొందరగా ఆగదు. కీడు కూడా ఆ క్షారంలోనే ఉంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషరూపం ఒక శాతం కంటే తక్కువ. పీహెచ్ 8కి అది ఐదు శాతం దాటుతుంది, 9కి మూడో వంతు మించుతుంది. ఎండ పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే ఊళ్లలో నంద్యాల ఒకటి కదా.

కాబట్టి ఇక్కడ కొరమీనును తొట్టిలో పెట్టదలచినవారు చేపకంటే ముందు ఫిల్టరును పెంచాలి. చేపలు వదలని నీళ్ల తొట్టిలో మోటారు నడిపి, కొద్దిగా అమోనియా అందిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగితే బ్యాక్టీరియా నిలదొక్కుకుంటుంది. నీరు మొదట దూదిలోంచి పోయి చెత్త వదలాలి, తర్వాతే రాళ్ల గదిలోకి వెళ్లాలి. ఆ రాళ్లను క్లోరిన్ కలిసిన కుళాయి కింద కడిగితే నెలరోజుల శ్రమ నిమిషంలో పోతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే కడుక్కోవాలి. కరెంటు పోయి మోటారు ఆగితే చేప బతుకుతుంది, ఫిల్టరు చస్తుంది. నైట్రేట్ మాత్రం ఏ రాయికీ లొంగదు, వారం వారం కొంత నీరు మార్చాల్సిందే. మహానంది కోనేరులో అడుగున పడ్డ సూది కనిపించేంత తేటగా నీరుండేది కూడా ఊట ఎడతెగక వచ్చి, పొలాలకు పారిపోతూ ఉండడం వల్లే. మీద మూత, లోపల గాలికి జాగా మరవకూడదు.

తొట్టిలో పట్టనంత పెరిగిన చేప సంగతే అన్నింటికంటే బాధ పెట్టేది. తొట్టి శుభ్రం చేస్తుందని అమ్మిన సక్కర్ చేప ఈనాడు ఆంధ్ర చెరువుల్లో దెయ్యం చేపగా వలలు చింపుతోంది. 2023లో భోపాల్ పెద్ద చెరువులోనూ, కశ్మీర్ దాల్ సరస్సులోనూ మొసలి చేప దొరికింది. ఎవరో ఒకరు జాలిపడో, విసిగిపోయో వదిలినవే అవి. గడివేముల దగ్గర అలాంటి జాలికి చోటే లేదు. కుందూలో వదిలిన చేప పెన్నాకు పోతుంది. శ్రీశైలం జలాలు పోతిరెడ్డిపాడు మీదుగా వచ్చి బనకచెర్ల దగ్గర విడిపోతాయి. ఒక పాయ గోరకల్లు వైపు, ఒక పాయ నిప్పులవాగు మీదుగా కుందూకు, ఇంకొకటి తెలుగుగంగలో వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి 1996 నుంచి చెన్నై పూండి దాకా పారుతున్నాయి. మోజు తీరిన చేపను అమ్మినవారికే తిరిగివ్వాలి, లేదా దానికి సరిపడా తొట్టి ఉన్నవారికి అప్పగించాలి. ఈ కాలువల్లో ఇప్పటికే కాపురమున్న వేటచేప కొరమీను, దాని ఎర్ర పిల్లల గుంపుకు పరాయి నోరు ఇంకొకటి తోడవకూడదు.