ఊరి చరిత్ర వ్రాయువారెవరు?

తుమ్మచెట్టు లేని బీడు మన రాయలసీమలో అరుదు. తుమ్మలపల్లె యను పేరుగల ఊళ్లు కూడ తెలుగునాట పెక్కు కలవు. ఒకే పేరుతో పలు గ్రామము లున్నప్పుడు, చదువరి తడబడకుండ వానినన్నిటిని ఒకచోట చూపి, ‘మీకు కావలసిన దేది?’ అని దారిచూపు పుటలు తెలుగు వికీపీడియాలో కలవు. వీనికి అచ్చట ‘అయోమయ నివృత్తి’ పుటలని పేరు. మనము నేడు చెప్పుకొనునది కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లెను గూర్చి.

ఈ పల్లె పేరు దేశమంతట వినబడినది యురేనియము కారణముగా. 2007లో ఇచ్చట గనికి శంకుస్థాపన జరిగెను. 2012లో ఖనిజమును శుద్ధిచేయు కర్మాగారము ఆరంభమయ్యెను. నాటినుండి పత్రికలును, నివేదికలును ఈ పేరును తరచుగ పేర్కొనుచున్నవి. అయితే అందులో కనబడునది ఖనిజమే కాని ఊరు కాదు. ఊరిలో బడి ఎన్నడు వెలసినది, పాతబావిని ఎవరు త్రవ్వించిరి, ఏ కరవునాడు ఎందరు వలసపోయిరి అను సంగతులు వానియందు దొరకవు. ఇవి ఎవరు వ్రాయవలెను? ఈ ప్రశ్న కడపసీమకు క్రొత్తది కాదు. రెండువందల యేండ్లుగా ఇది మనలను వెంటాడుచునే యున్నది.

1800 సంవత్సరములో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. ఆ తరువాత దత్తమండలములను కొలుచు బాధ్యత కర్నల్ కాలిన్ మెకంజీకి లభించినది. ఆయన భూమిని కొలుచుటతో తృప్తిపడక, ఊళ్ల వృత్తాంతములను గూడ సేకరింపనెంచెను. ఆ పనిలో ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు ఏలూరివారైన కావలి సోదరులు. వారిలో బొర్రయ్య 1803లోనే మరణింపగా, లక్ష్మయ్య ఆ భారము వహించెను. సహాయకులు ఊరూరు తిరిగి, కరణముల కవిలెలు చూచి, శాసనములకు ప్రతులు వ్రాసికొని, వృద్ధులు చెప్పిన మాటలను లిఖించిరి. వీనినే మనము కైఫీయతులందుము. నేడు రాయలసీమ గ్రామచరిత్ర వ్రాయబూనిన వారెవ్వరును వీనిని చూడక ముందునకు పోజాలరు.

కాని కైఫీయతుకు ఒక లోపము కలదు. అది ఒక్కనాడు, ఒక్కచేతితో వ్రాయబడినది. చెప్పినవాడు చాలచోట్ల కరణము. అతని దృష్టి ఇనాములమీదను, హక్కులమీదను. కాడిపట్టినవానికి, కూలికి పోయినదానికి అందులో మాటాడు అవకాశము దాదాపు లేదు. వ్రాసిన కాగితము మదరాసు చేరిన తరువాత, ‘అయ్యా, ఈ సంగతి తప్పు’ అని చెప్పదలచినను, ఊరివారికి ఆ కాగితము తిరిగి కంటబడునది కాదు.

ఇంకొక సంగతి గూడ గుర్తుంచుకొనదగినది. మెకంజీ 1821లో గతించెను. మిగిలిన పని తాను కొనసాగింతునని లక్ష్మయ్య ముందుకు వచ్చెను. ఆ విన్నపము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు పోయినది. 1836 ప్రాంతమున జేమ్స్ ప్రిన్సెప్ అంతటి పనికి లక్ష్మయ్య సమర్థుడు కాడని తీర్పు చెప్పెను. ఆ సామగ్రిని చేతులార కూర్చినవానికే దానిని ముందుకు నడపు అనుమతి లభింపలేదు.

1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మరియొక త్రోవ త్రొక్కెను. తన బంగళాలో పండితులను, లేఖకులను నియమించి, స్వంతధనము వెచ్చించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఒక గ్రంథమునకు ఒక ప్రతి దొరకినంతనే ఆయన సంతృప్తి చెందలేదు. పలు ప్రతులు తెప్పించి, ప్రక్కప్రక్కన నుంచి, పాఠభేదములు గుర్తింపజేసెను. వేమన పద్యములను ఆయన 1829లో అచ్చొత్తించినది ఇట్టి శ్రమకు ఫలము. శిథిలమగుచున్న మెకంజీ గ్రామవృత్తాంతములకు మదరాసులో మరల ప్రతులు వ్రాయించినదియు ఆయనయే. ఆయన బంగళా యుండిన చోటనే నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. ఏ ఒక్క ప్రతియు సంపూర్ణముగ నిర్దోషము కాదు. అన్నిటిని దాచియుంచినచో ముందువాడు సరిదిద్దగలడు. బ్రౌన్ పద్ధతిలోని సారము ఇదియే.

విజ్ఞానమునంతయు తెలుగున కూర్పవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. అకారము దాటకమునుపే, 1923లో, ఆయన స్వర్గస్థులైరి. ఆయన పాండిత్యమునకు కొరత లేదు, ఆయుర్దాయమే చాలలేదు. ఇంతటి పని కొలదిమంది చేతులతో ముగియునది కాదని దీనివలన తెలియుచున్నది.

పెక్కుచేతులు ఒకే పుటమీద పనిచేయు ఉపాయము 1995 మార్చి 25వ తేదీన అమెరికాలో వెలువడెను. వార్డ్ కన్నింగ్‌హామ్ అను కంప్యూటరు నిపుణుడు, చదువువా రెవరైనను అక్కడికక్కడనే దిద్దగల పుటలను నిర్మించి, వానికి వికీ యని పేరిడెను. హవాయి భాషలో ఈ మాటకు ‘త్వరగా’ అని అర్థము. హొనొలూలూ విమానాశ్రయములో తిరుగు బస్సు పేరునుండి ఆయన దీనిని గ్రహించెను. ఈ పద్ధతిమీదనే 2001 జనవరి 15న వికీపీడియా యను విజ్ఞానసర్వస్వము ఆరంభమైనది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది పడెను. అమెరికాలో నుండిన వెన్న నాగార్జునగారు దీనికి ఆద్యులు. కంప్యూటరుపై తెలుగు వ్రాయుటయే కష్టమైన ఆ దినములలో, ఇంగ్లీషు లిపిలో వ్రాసినదానిని తెలుగులిపికి మార్చు ‘పద్మ’ యను సాధనమును ఆయనయే సిద్ధపరచిరి. నేడు ఇందులో లక్షకు పైగా వ్యాసములు కలవు. వ్రాసినవారు జీతగాండ్రు కారు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగవిరమణ చేసినవారు, గృహిణులు.

క్రొత్తగా చూచువారికి మొదట కలుగు సందేహము, ‘ఎవరు పడిన వారు దిద్దినచో పుట పాడుకాదా?’ అనునది. దీనికి సమాధానము పుటవెనుక నున్న చరిత్రలో దొరకును. ప్రతి పుటకును ఒక చరిత్ర కలదు. ఎవరు, ఏ దినమున, ఏ గంటకు, ఏ మాట చేర్చిరో, ఏ మాట తీసివేసిరో అందులో నిలిచియుండును. పలకమీద తుడిచిన అక్షరము మరల రాదు. ఇచ్చట తుడిచినదియు భద్రముగ నుండును. దుర్బుద్ధితో చెరచినను, తెలియక చెరచినను, చూచినవారు పాతరూపమును క్షణములో తేగలరు. బ్రౌన్ పండితులు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచినట్లే ఇచ్చట పాతపాఠములన్నియు వరుసగ నుండును.

పుటకు తోడుగా చర్చాపుట యొకటి యుండును. భేదాభిప్రాయమున్నవారు అచ్చట వాదించుకొని ఒక నిర్ణయమునకు రావలెను. వికీ కంతటికి సంబంధించిన విషయములు మాటాడుకొను స్థలమునకు తెలుగువారు ‘రచ్చబండ’ అని పేరుపెట్టుకొనిరి. వేపచెట్టు క్రింది రచ్చబండ యెరిగినవారికి దీనిని వేరుగ వివరింప నక్కరలేదు.

తుమ్మలపల్లె విషయమునే తీసికొందము. గనివ్యర్థములు నిలువచేయు చెరువువలన భూగర్భజలము చెడినదని చుట్టుపట్ల రైతులు చెప్పుచు వచ్చిరి. గని నడపు సంస్థ ఆ మాటను అంగీకరింపలేదు. అరటితోటకు బోరునీటినే నమ్ముకొన్న కుటుంబమునకు ఇది ప్రాణసంకటము. గనిలో కొలువున్న కుటుంబమునకు కూటిమాట. ఇద్దరును ఒకే ఊరివారు కావచ్చును. పుటలో నేమి వ్రాయవలెను? ‘నీరు చెడినది’ అనియు కాదు, ‘చెడలేదు’ అనియు కాదు. ఎవరు, ఏ సంవత్సరమున, ఏ పరీక్షను ఆధారము చేసికొని ఏమి చెప్పిరో, అది ఎచ్చట ప్రకటితమైనదో వ్రాయవలెను. ఇది తప్పుకొని తిరుగుట కాదు. చదువువాడు తానే తూచి చూచుకొనుటకు రాళ్లును త్రాసును చేతికిచ్చుట.

ఇచ్చట ఒక చిక్కు కలదని దాచక చెప్పవలెను. ‘మా తాత చెప్పెను’ అన్న మాట ఇచ్చట ఆధారముగ చెల్లదు. అచ్చయిన ఆధారము కావలెను. సర్పంచికైనను విద్యార్థికైనను ఇదియే నియమము. అందుచేత అచ్చునకు ఎక్కని ఊళ్లు వికీలోను పేదగనే యున్నవి. మన పల్లెల పుటలలో పెక్కు 2011 జనాభా లెక్కల అంకెలతో నిండియున్నవి. బావులక్రింద ఎంత భూమి సాగగునో అవి చెప్పును. ఆ బావి పేరేమో చెప్పవు.

దీనికి మార్గము లేకపోలేదు. ఊరి ఉపాధ్యాయుడును, నలుగురు యువకులును కూడి, ఇంటర్నెట్టులో పలువురు ఒకేసారి తెరచి వ్రాయగల ఉమ్మడి పుస్తకమునందు పెద్దల మాటలను, వారి అనుమతితో, తేదీలతో సహా ఎక్కింపవచ్చును. ఒకరు వ్రాసినది మరియొకరు తమ యింటనుండియే చూచి సరిచేయవచ్చును. అది సంచికగానో, గ్రంథముగానో అచ్చయి నలుగురు పరిశీలించిన పిమ్మట వికీకి ఆధారము కాగలదు. శాసనమునకును, గుడికిని, చెరువుకట్టకును తాము తీసిన ఛాయాచిత్రములను మాత్రము నేడే చేర్పవచ్చును.

మొదట చేయవలసినది అతిస్వల్పము. ఒక పేరుతో ఖాతా తెరువుడు. సొంతపేరే యుండవలెనను నియమము లేదు. ‘ప్రయోగశాల’ యను మీ సొంత పుటలో నాలుగు వాక్యములు వ్రాసి చేయి తిరుగనిండు. పిదప మీ ఊరి పుట తెరచి ఒక్క తప్పు దిద్దుడు. మన జిల్లా పేరే 2010లో ఒకసారియు, 2025లో మరియొకసారియు మారినది. పాతపేరు మిగిలిన పుట కనబడినచో దానితో ఆరంభింపవచ్చును. ఎవరైనను మీ దిద్దుబాటును తొలగించినచో అలుగక, కారణ మడుగుడు.

కావలి లక్ష్మయ్య అనుమతి కోరెను. అది ఆయనకు దొరకలేదు. నేడు మనము ఎవరి అనుమతిని కోరవలసిన పని లేదు. అయినను మన ఊరి పుట తప్పులతోనే నిలిచిపోయినచో, ఆ తప్పును ఇక ప్రిన్సెప్ దొరమీద మోపజాలము.