పట్టాలు తీసిన రైలుదారి

పీక్ అను ఇంగ్లీషు మాటకు శిఖరమని యర్థము. ఇంగ్లండు నడుమ నున్న డార్బీషైరు మండలపు ఉత్తరభాగమునకు పీక్ సీమ యని పేరు. ఆ పేరు విని కొనదేలిన కొండలను ఊహించుకొని పోయినవారికి కొంత ఆశాభంగము తప్పదు. ఆ సీమయొక్క దక్షిణభాగము సుమారు వేయి అడుగుల యెత్తున పరచుకొనియున్న సున్నపురాతి పీఠభూమి. పచ్చిక బయళ్లు, సున్నము గాని బురద గాని లేక ఒండొంటిపై పేర్చిన రాతిగోడలు, గొఱ్ఱెల మందలు, నడుమ నడుమ రాతిగనులు, లోతైన లోయలు: ఇదియే అచ్చటి దృశ్యము.

ఎగుడుదిగుడైన ఆ నేలమీద నేడు మోటారుబండ్ల బాధ లేని కంకరదారులు కొన్ని కలవు. హై పీక్ దారి పదియేడు మైళ్లు. టిసింగ్టన్ దారి పదుమూడు మైళ్లు. పిల్లలును వృద్ధులును సయితము ఆయాసము లేకుండ బైసికిళ్లమీద ఆ దారుల పోవుచుందురు. ఇరుప్రక్కల కొండలు లేచుచు దిగుచు నుండగా దారి మాత్రము బల్లపరుపుగా ఎట్లు సాగుచున్నది? అవి బైసికిళ్లకొఱకు వేసిన దారులు కావు. పొగబండ్లకొఱకు వేసి, పట్టాలు పెరికివేసిన దారులు. వాటి కథనే నేను నేడు మనవి చేయదలచితిని.

ఈ కథకు మూలము నీరు. నీరు లేకపోవుట అనిన ఇంకను సరిగా నుండును. 1771లో రిచర్డు ఆర్క్‌రైటు ఆ పీఠభూమి అంచున నున్న క్రామ్‌ఫర్డు గ్రామమున నీటిచక్రముతో నడచు నూలుమిల్లును స్థాపించెను. 1794లో ఆ యూరికి కాలువ వచ్చెను. పీఠభూమికి ఆవలి యంచున, వేలీ బ్రిడ్జి యనుచోట, మాంచెస్టరు వైపు పోవు మఱియొక కాలువ యుండెను. ఈ రెండు కాలువలను కలిపినచో సరకు రవాణా మిక్కిలి సులభమగును. కాని సున్నపురాతి నేల వాననీటిని నిలువనీయదు. పగుళ్లలో నుండి పాతాళమునకు దింపివేయును. నీరు లేని కాలువలో పడవ నడచుట యెట్లు? కావున 1825లో పార్లమెంటు చట్టముచే ఇనుపదారికి అనుమతి లభించెను.

దీని నిర్మాణమునకు పూనుకొన్న ఇంజనీరు జోసయా జెసప్. ప్రఖ్యాతుడైన కాలువల ఇంజనీరు విలియము జెసప్ కుమారుడు. ఇతడు రైలుమార్గమును కాలువ నిర్మాతయొక్క కన్నులతోనే చూచెను. కాలువలో మట్టమైన నీటిభాగమునకును, పడవ నెత్తు లాకులకును వేర్వేరు స్థానములున్నట్లే, ఈ దారిలోను పొడుగైన మట్టపు భాగములు, వాటి నడుమ మెట్లవలె నిటారైన వాలుదారులు ఏర్పరచెను. అట్టి వాలుదారులు తొమ్మిది. స్టేషనులకు సయితము రేవులని పేరు పెట్టిరి. నీటిచుక్క లేని కొండమీద రేవులు! జెసప్ తన దారిని చూడకయే 1826లో మరణించెను. దక్షిణభాగము 1830లోను, ఉత్తరభాగము 1831లోను తెఱువబడినవి. మొత్తము ముప్పదిమూడు మైళ్లు.

ఆ దినములలో ఆవిరిబండిపై అందఱికిని నమ్మకము కుదురలేదు. మట్టపు భాగములలో గుఱ్ఱములు లాగెడివి. వాలుదారుల శిఖరమున కదలని ఆవిరి యంత్రములు నిలిచి, గొలుసులతోను, తరువాత త్రాళ్లతోను బండ్లను పైకి లాగెడివి. మిడిల్‌టన్ వాలుమీది యంత్రము 1829లో బటర్లీ కంపెనీవారు చేసినది. ఎనిమిది అడుగులకు సుమారొక అడుగు లేచు ఆ నిటారుదారిలో అది 1963 వరకు బండ్లను లాగినది. నూటముప్పది నాలుగేండ్లు ఒకేచోట నిలిచి ఒకే పని చేసిన ఆ యంత్రము నేటికిని తన యింటిలోనే యున్నది.

కాలువలవలె కొండచుట్టు తిరుగుటచే దారిలో వంపులును ఎక్కువయ్యెను. గోథం వంపు వ్యాసార్ధము యేబదియైదు గజములు మాత్రమే. గుఱ్ఱమునకు అది లెక్క కాదు. తరువాత వచ్చిన ఆవిరిబండ్లకు గండమయ్యెను. పొట్టి బండ్లు తప్ప తిరుగజాలవు. హాప్టన్ వాలున పదునాలుగింట ఒకటి యెక్కుడు. త్రాడు లేక స్వశక్తితో పొగబండ్లు ఎక్కిన వాలులలో ఇంగ్లండున దీనిని మించినది లేదు. దూరమునుండి వేగము పుంజుకొని వచ్చి, ఎక్కలేక వెనుదిరిగి, మరల ప్రయత్నించుట పరిపాటియై యుండెను.

అపాయములును తప్పలేదు. 1888లో క్రామ్‌ఫర్డు పైనున్న షీప్ పాశ్చర్ వాలున బండ్లు విడివడి, క్రిందకు దూసుకొనివచ్చి, కాలువను, రెండు పట్టాల రైలుదారిని దాటి పొలములో పడినవి. అటుపిమ్మట తప్పిన బండ్లను పట్టుటకు వాలు అడుగున గుంట త్రవ్వించిరి. నేడు బైసికిలుపై వచ్చువాడు ఆ గుంటలో విరిగిన బండిని చూడవచ్చును.

కాలువకు నీరు దొరకని ఆ కొండమీదకే రైలు నీటిని మోసినది. క్రామ్‌ఫర్డు దిగువనుండి తొట్లలో నింపిన నీటిని మీది యంత్రములకును, ఒంటరి కుటీరములకును చేర్చెడివారు. నాకు ఈ విశేషము ఇంజనీర్ల ఘనకార్యములన్నిటికంటెను మిన్నగా తోచును.

1899లో యాష్‌బోర్నునుండి మఱియొక రైలుదారి వచ్చి పార్స్‌లీ హేయను చోట దీనిని కలిసెను. పల్లెల పాలు దానిమీదనే లండనునకు పోయెడివి. లారీలు వచ్చిన పిదప ఈ దారులకు కాలము చెల్లెను. యాష్‌బోర్ను దారిని క్రమప్రయాణములు 1954లో విడిచినవి. హై పీక్ దారి 1967లో మూయబడెను.

మూసిన దారి నేల యేమగును? ప్రాణము పోయినట్టి ఇట్టి దారులు సామాన్యముగా తునుకలుగా అమ్ముడుపోవును. ఒక రైతు ఒక గట్టును, మఱియొకడు ఒక కోతను కొనును. వంతెన పడగొట్టిన యెడల మైళ్లకొలది దారి వ్యర్థమగును. అయిదారు ముక్కలు పోయిన తరువాత ఏ ధనమును దానిని మరల కలుపజాలదు. అచ్చటివారికి ఈ విషయమున ముందొక పాఠముండెను. ప్రక్కనున్న స్టాఫర్డుషైరులో మానిఫోల్డు లోయలో 1904లో సన్నని రైలు తెఱువబడెను. దాని ఇంజనీరు ఎవరార్డు కాల్త్రాప్ అంతకుముందు మన దేశమున బార్సీ రైలును నిర్మించినవాడే. రెండింటికిని పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. ఆ లోయ రైలు 1934లో మూతపడగా, మండల సభవారు ఆ నేల నంతయు ఒక్కటిగా పొంది, 1937లో బాటగా తెఱచిరి.

ఈ ఉపాయమునే 1971లో పీఠభూమిమీదను అనుసరించిరి. జాతీయోద్యానవనపు ప్రణాళికా మండలియు, డార్బీషైరు సభయు నేల కొని, కంకర పరచి, ప్రజల కప్పగించిరి. ఇందొక ప్రత్యేక గౌరవము కలదు. 1932లో ఇదే సీమలోని కిండర్ స్కౌట్ కొండను భూస్వాముల నిషేధమును ధిక్కరించి యెక్కిన నడకరులలో అయిదుగురు చెఱపాలైరి. 1951లో ఆ సీమ బ్రిటనున మొదటి జాతీయోద్యానవనమయ్యెను. 1968లో చట్టము గుఱ్ఱపుబాటలపై బైసికిళ్లకును హక్కునిచ్చెను; నడచువారికిని, గుఱ్ఱపురౌతులకును దారి విడువవలె నను షరతు మాత్రముండెను. జెసప్ దారిని పుట్టించెను. కాని దానిని తునుకలు కాకుండ కాపాడినవారు ఈ సభలవారని నా నిశ్చయము.

అన్ని భాగములును దక్కలేదు. వేలీ బ్రిడ్జి వైపు నున్న ఉత్తరభాగము 1892లోనే విడువబడెను. దానిలో కొంత 1938లో నిర్మింపబడిన ఫెర్నిలీ జలాశయము క్రింద మునిగినది. బన్సాల్ వాలు నేడు మోటారుదారి. మాన్సల్ లోయలోని రైలు 1968లో మూయబడి 1981లో బాటయైనను, సొరంగములు తాళము వేసియుండుటచే ప్రజలు గుట్టలెక్కి చుట్టు తిరుగవలసివచ్చెను. 2011లో గాని అవి తెఱువబడలేదు. హై పీక్ దారి డౌలో గనియొద్ద నిలిచిపోవును. అచ్చట బైసికిలు దిగి పల్లెబాట పట్టవలెను. దానికి ముందున్న పట్టాలు మాత్రము ఇంకను పెరుకబడలేదు. సున్నపురాయి నింపిన బండ్లతో బక్స్‌టన్ వైపు సాగుచున్నవి.