హమ్‌బకర్ల ఖాందాన్: మరుగునపడ్డ ఆవాజ్‌లు

ప్రొద్దుటూరు షాదీఖానాలో వలీమా అయినా, జమ్మలమడుగు వీధిలో వేసిన షామియానా అయినా, ఆర్కెస్ట్రా వాళ్లు గిటార్ వైరు తగిలించి స్విచ్ వేయగానే పాటకంటే ముందు వినిపించేది ‘గుయ్య్’మనే మోత. పులివెందుల వైపు పల్లెల్లో స్టేజీ పక్కనే పెద్ద మోటారో ట్రాన్స్‌ఫార్మరో ఉంటే ఆ షోర్ ఇంకాస్త ఎక్కువ. మనం మైకుసెట్టు భాయ్‌ని తిట్టుకుంటాం. చాలాసార్లు ఆయన బేకసూర్. ఆ మోత కరెంటుది.

మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అమెరికాలో 60 సార్లు. ఆ ఊపుతో చుట్టుపక్కల అయస్కాంత శక్తి కూడా ఊగుతుంది. ఇక గిటార్ తీగల కింద ఉండే పికప్ సంగతి చూడండి. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగతో వేల చుట్లు, అంతే. పైన ఉక్కు తీగ కదిలితే కింద రాగిచుట్టలో కరెంటు పుడుతుంది. ఇది 1831లో ఫారడే చూపించిన ఖాయిదా. 1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బాకర్ కంపెనీ దీన్ని హవాయి గిటార్‌కు బిగించి బజారులోకి తెచ్చింది. చిక్కల్లా ఒకటే. ఆ చుట్టకు తమీజ్ లేదు. తీగ సుర్‌నూ పట్టుకుంటుంది, ట్యూబ్‌లైటు చోక్ గోలనూ పట్టుకుంటుంది.

ఈ చిన్న చుట్ట ఏం చేయగలదో తెలుగువాళ్లు కళ్లారా చూశారు. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మ్యాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. మామూలు మ్యాండలిన్‌లో స్వరం మీటిన వెంటనే సన్నగిల్లుతుంది, జంట తీగల మీద గమకం లాగడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మ్యాండలిన్ తీసుకుని, జంట తీగలు మాని, ఐదు ఒంటి తీగలతో వాయించారు. తర్వాత ‘రిమెంబర్ శక్తి’లో ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ పక్కన కూర్చున్నారు. ఉర్సు ఖవ్వాలీల్లో మనం బ్యాంజో అని పిలుచుకునే వాద్యం కూడా ఇలాంటిదే. దాని మూలం 1912లో జపాన్‌లోని నగోయాలో గోరో మొరిటా తయారుచేసిన తైషోగోతో. మన ఖవ్వాల్‌లు దానికీ పికప్ బిగించారు. జమాత్ అంతటికీ వినపడాలంటే అదే దారి. పికప్‌తోపాటు ఆ మోత కూడా వచ్చింది.

దీనికి ఇలాజ్ రెండో చుట్ట. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని ఎదురు దిశలో కలిపి, దాని అయస్కాంతాన్ని కూడా తిప్పేస్తారు. కరెంటు మోత రెండింటిలో ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ సుర్ మాత్రం రెండింటిలోంచీ వచ్చి కలుస్తుంది. దీన్నే హమ్‌బకర్ అంటారు. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజినీరు 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. అది 1959లో మంజూరైంది. ఈలోగా 1957 నుంచి పికప్‌ల వెనక ‘పేటెంటుకు దరఖాస్తు చేశాం’ అనే చీటీ అంటించేవారు. ఆ ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే ‘పీ.ఏ.ఎఫ్.’ అనే పేరయ్యాయి. ఈరోజు హమ్‌బకర్ అంటే అందరి నోటా అదే పేరు.

అయితే ఈ ఖామోషీ ముఫ్త్‌గా రాలేదు. రెండు చుట్టలు తీగను రెండు చోట్ల వింటాయి. ఆ రెండింటి మధ్య కొన్ని సన్నటి పైస్వరాలు కూడా కొట్టుకుపోతాయి. అందుకే పీ.ఏ.ఎఫ్. ఆవాజ్ చిక్కగా, వెచ్చగా ఉంటుంది కానీ ఒంటిచుట్ట పికప్‌లో ఉండే మెరుపు తగ్గుతుంది. ఏది వదులుకోవాలి, ఏది మిగుల్చుకోవాలి అన్న సవాల్‌కు ఒక్కో కారీగర్ ఒక్కో జవాబిచ్చాడు. పెద్దగా పేరు రాని హమ్‌బకర్ల కిస్సా ఇదే.

లవర్ పనిచేస్తున్న ఆ రోజుల్లోనే రే బట్స్ అనే ఆయన గ్రెచ్ గిటార్ల కోసం ఫిల్టర్‌ట్రాన్ తయారుచేశారు. అదీ 1957లోనే బయటికొచ్చింది. చుట్టలు చిన్నవి, చుట్లు తక్కువ. పీ.ఏ.ఎఫ్. నిరోధం సుమారు 7.5 నుంచి 8.5 కిలో ఓమ్‌లు ఉంటే, దీనిది 4 నుంచి 5. జోరు తక్కువ, కానీ ప్రతి తీగా విడివిడిగా, గాజుగాజులు తాకినట్టు పలుకుతుంది.

ఎపిఫోన్ కంపెనీ 1957లో గిబ్సన్ యజమానుల చేతికొచ్చాక ఆ గిటార్లకు సన్నటి మినీ హమ్‌బకర్ పెట్టారు. సన్నగా ఉంది కాబట్టి తీగలో తక్కువ పొడవునే వింటుంది, పైస్వరాలు ఎక్కువ దక్కుతాయి. 1969లో లెస్ పాల్ డీలక్స్‌కూ అదే పెట్టారు. 1963 నాటి ఫైర్‌బర్డ్ పికప్ చూడటానికి దానికి తోబుట్టువులా ఉంటుంది. కానీ అయస్కాంతాలు చుట్టల లోపలే ఉంటాయి. అందుకే లహజా మరింత పదును.

ఇక లవర్ సాబ్ 1967లో ఫెండర్‌కు మారి చేసిన వైడ్ రేంజ్ హమ్‌బకర్. రాగి, నికెల్, ఇనుము కలిసిన లోహంతో మరమేకుల్లాంటి అయస్కాంతాలు వాడారు. హమ్‌బకర్ చిక్కదనమూ, ఫెండర్ మెరుపూ రెండూ ఉంటాయి. తర్వాత ఆ లోహం దొరకడం కష్టమైంది. అదే ముసుగు తొడిగి లోపల మామూలు అయస్కాంతం పెట్టిన నకళ్లు వచ్చాయి. చూపుకు అదే, సుర్ మాత్రం వేరు. 2020లో గానీ ఫెండర్ మళ్లీ ఆ లోహంతో చేయలేదు.

జమ్మలమడుగులో ఉండే మా భాంజా ఆర్కెస్ట్రాల్లో సంపాదించిన డబ్బుతో తన పాత గిటార్‌లోని మినీ హమ్‌బకర్లు పీకేసి పీ.ఏ.ఎఫ్. రకం పెట్టించుకుంటానన్నాడు. “అందరూ అదే అంటున్నారు కదా మామూ” అన్నాడు. నేను ప్రొద్దుటూరు బంగారం బజారు సంగతి చెప్పాను. అక్కడ ఎవరైనా దుకాణం పేరు చూసి బంగారం కొంటారా? గీటురాయి మీద గీసి చూస్తారు. ఆవాజ్‌కూ గీటురాయి ఉంది. అదే తీగలు, అదే ఆంప్లిఫయర్, అదే పాట. ముఖ్యంగా రెండు పికప్‌ల వాల్యూమ్ సమానం చేసి వినాలి. ఎందుకంటే కాస్త గట్టిగా పలికేదే మేలైనదని చెవి ధోకా తింటుంది. పికప్‌ను తీగలకు కొంచెం దూరం జరిపి కూడా వినాలి. మరమేకు ఒక చుట్టు తిప్పితేనే మిజాజ్ మారిపోతుంది. దానికి ఖర్చు ఒక స్క్రూడ్రైవర్.

చీటీని నమ్మేవాళ్ల కోసం ఇంకో మాట. పేటెంటు వచ్చాక గిబ్సన్ తన హమ్‌బకర్ల మీద అంటించిన నంబరు 2737842. అది పికప్ నంబరు కానేకాదు, లెస్ పాల్ పేరిట ఉన్న, తీగలు బిగించే టెయిల్‌పీస్ నంబరు. లవర్ పికప్ అసలు నంబరు 2896491. తయారుచేసిన కంపెనీ చీటీయే తప్పుడు నంబరు మోసిందంటే, మన భాంజాలు కష్టార్జితం పోసే ముందు చెవిని ఒక్కసారి గవాహీ అడగడం ఇన్సాఫ్ కదా.