మిర్కాబ్‌లో బొమ్మరిల్లు

పిల్లలు ఆటకోసం కట్టుకొనే చిన్న ఇంటికి మన భాషలో బొమ్మరిల్లు అని పేరు. బొమ్మ, ఇల్లు అనే రెండు మాటల నడుమ రకారం వచ్చి చేరగా ఈ పదం ఏర్పడింది. పొద, ఇల్లు కలిసి పొదరిల్లు అయినదీ ఈ తీరుననే. తోటలో తీగలు అల్లుకొన్న చోటు పొదరిల్లు. ఆ నీడలో పిల్లలు కట్టుకొన్నది బొమ్మరిల్లు. తోటలో పిల్లలకొక ఇల్లు అమర్చాలంటే ఎన్ని దీనార్లు కావాలని నేడు మనం లెక్క వేస్తున్నాం. మన పూర్వుల బొమ్మరిల్లుకు అంత ఖర్చు ఎందుకు కాలేదో తెలుసుకొంటే, మిర్కాబ్‌లో అద్దె ఇళ్లలో ఉన్న మనకూ ఒక దారి దొరుకుతుంది.

పదిహేనవ శతాబ్దపు కవి బమ్మెర పోతన తన భాగవతం దశమ స్కంధంలో రుక్మిణీదేవి బాల్యాన్ని వర్ణించాడు. విదర్భ రాజకుమారి అయిన ఆమె బొమ్మల పెండ్లిండ్లు చేస్తుంది, గుజ్జనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది, ఇంటి తోటలో పూల తీగలను పెంచుతుంది. గుజ్జనగూళ్లు అంటే పిల్లలు ఆటగా వండుకొనే వంట. బంగారు ఉయ్యాల ఊగే బిడ్డ కూడా కోరి ఆడుకొన్నది వంటా పెళ్లీ ఆటలే. ఆ ఆటకు కావలసినది సంపద కాదు, తోడు ఆడేవారు.

మన పల్లెల్లో ఈ ఆటకు సామగ్రి ఇంటి చుట్టూ పడి ఉండేది. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన మరికొంత ఇసుక పోసి తట్టి, మెల్లగా పాదం వెనక్కు తీస్తే పిచ్చుకగూడు నిలిచేది. తాటాకుతో పెళ్లికొడుకు, పెళ్లికూతురు తయారయ్యేవారు. కొబ్బరిచిప్ప వంటపాత్ర, ఇసుక బియ్యం, ఆకు విస్తరి. కొన్నవి ఏవైనా ఉంటే అవి తిరునాళ్లలో తెచ్చిన లక్కపిడతలు, కొయ్యబొమ్మలు. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు అద్ది బొమ్మలు చేస్తారు. కొండపల్లి వారు తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కుతారు. అంటే బొమ్మను కొనేవారు కాని, ఇంటిని కొనేవారు కాదు. ఇల్లు పిల్లలు కట్టవలసినదే. కూలితే మళ్లీ కట్టవలసినదే.

మనం నివసిస్తున్న ఈ నేలకూ ఇటువంటి చరిత్రే ఉంది. పాత కువైట్ పట్టణపు పేటలలో మిర్కాబ్ ఒకటి. కనిపెట్టి చూడడం అనే అర్థంగల అరబ్బీ ధాతువుకు సంబంధించిన పేరిది. 1920లో పట్టణవాసులు తమ రక్షణకోసం మట్టిగోడ కట్టుకొన్నారు. 1957లో పట్టణం విస్తరించినప్పుడు ఆ గోడను తొలగించి ద్వారాలను మాత్రం నిలిపారు. నాటి ఇళ్లు మట్టితో, సముద్రపు రాతితో కట్టినవి. పైకప్పుకు తూర్పు ఆఫ్రికా నుండి ఓడలలో వచ్చిన చందల్ అనే మడకర్రలు వేసి, పైన చాపలు పరచి, మట్టి మెత్తేవారు. వీధి వాకిట కూర్చోవడానికి దచ్చా అనే మట్టి తిన్నె ఉండేది. అది మన అరుగుకు అక్కచెల్లెలు. ఖర్జూరపు మట్టలతో అల్లిన పందిరిని గల్ఫ్ తీరంలో అరీష్ అంటారు. అది మన తాటాకు పందిరికి చుట్టం. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడి బజారులో చెల్లినది రూపాయే. దొరికినదానితో గూడు కట్టుకోవడం ఈ రెండు తీరాలకూ తెలిసిన విద్య.

ఇక మన సంగతి. మనలో చాలామందిమి గల్ఫుకు వచ్చినది ఊరిలో ఒక ఇల్లు కట్టుకోవడానికే. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల ఊళ్లలో కువైట్ సంపాదనతో లేచిన మేడలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఏడాదిలో ఎక్కువ నెలలు తాళమే. ఆ ఇల్లు పూర్తయ్యేసరికి, ఎవరికోసం కట్టామో ఆ పిల్లలు బొమ్మరిల్లు వయసు దాటిపోతారు. ఈ మాట ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. మనకు మనం చెప్పుకొంటున్నది. పెద్ద ఇంటికోసం దాచే సొమ్ములో నుండి చిన్న ఇంటికి తీయనక్కరలేదు. శుక్రవారం ఒక పూట తీస్తే చాలు.

వీధి చివరి బకాలాలో అడిగితే పెద్ద అట్టపెట్టెలు ఇస్తారు. కత్తి పని పెద్దలు చేయాలి, కొలతలు పిల్లలు చెప్పాలి. తలుపు పిల్లల ఎత్తుకే కోయాలి. పెద్దలు లోపలికి రావాలంటే వంగాలి, అడగాలి. పైకప్పుగా పాత చీర చాలు. తోరణానికి మామిడాకులు దొరకకపోతే కాగితపు ఆకులు కత్తిరించవచ్చు. నవంబరు నుండి మార్చి వరకు పార్కులోనో సముద్రపు ఒడ్డునో ఆడుకోవచ్చు. ఎండలు ముదిరితే ఆ పెట్టెలే ఇంటిలోకి వస్తాయి. సముద్రపు ఒడ్డున పిచ్చుకగూళ్లకు ఒక్క ఫిల్సు కూడా అక్కరలేదు.

ఇందులో భాషకూ మేలు ఉంది. గడప, దూలం, వాసం, చూరు, అరుగు అనే మాటలను పుస్తకంలో చదివిస్తే బిడ్డ మరచిపోతుంది. ఫ్లాటులో చూపడానికి చూరు లేదు. బొమ్మరిల్లుకు మాత్రం చూరు ఉంటుంది. చీర అంచు గోడను దాటి వేలాడితే అదే చూరు. తన చేతితో పెట్టిన చూరు పేరును ఏ బిడ్డా మరువదు.

పిల్లలను ఊరిలో అవ్వాతాతల దగ్గర విడిచి వచ్చినవారు మన నడుమ ఎందరో ఉన్నారు. వారు ఈ రాత్రి ఫోనులో మార్కులతోపాటు మరొక ప్రశ్న కూడా అడగవచ్చు: నేడు ఏమి కట్టావు, నాన్నా? ఆ బిడ్డ తాను కట్టిన ఇంటిలో ఎవరెవరు ఉన్నారో చెప్పుకొస్తుంది. ఆ లెక్కలో మనమూ ఉంటాము.