ఊరి దేవుడు దేవరాజైన కథ

మెసపొటేమియాలో దేవుడంటే ముందు ఒక ఊరికి యజమాని. నిప్పూర్ ఎన్లిల్‌ది. ఊర్ చంద్రదేవుడు సిన్‌ది. సిప్పార్‌లో సూర్యుడు షమాష్, న్యాయం చెప్పడం ఆయన వంతు. ఉరుక్‌లో ఇష్తార్, ప్రేమా ఆమెదే, యుద్ధమూ ఆమెదే. ఎరిదులో ఈయా, భూమి అడుగున ఊరే మంచినీళ్లకూ తెలివితేటలకూ అధిపతి. వీళ్లందరి మధ్య యూఫ్రటీస్ ఒడ్డునున్న బాబిలోన్ ఊరి దేవుడు మర్దూక్‌ది చాలాకాలం వెనక వరుస. ఆయన చిహ్నం కూడా పొలంలో మట్టి ఎత్తే పార.

ఆ పార పట్టిన దేవుడు దేవతలందరికీ రాజెలా అయ్యాడో వెతికితే పురాణం కన్నా ముందు రాజకీయం తగులుతుంది. క్రీ.పూ. 18వ శతాబ్దంలో బాబిలోన్ రాజు హమ్మురాబి చుట్టుపక్కల నగరాలన్నీ గెలిచాడు. తన ధర్మశాసనం మొదట్లోనే, ఆకాశదేవుడు అను, ఎన్లిల్ కలిసి మర్దూక్‌కు జనులందరి మీద ఆధిపత్యం ఇచ్చారని రాయించుకున్నాడు. అయితే ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ శాసనపు రాతి మీద, రాజు ఎదుట కూర్చున్నది మర్దూక్ కాదు, షమాష్. ఊరి దేవుడికి పెద్దరికమైతే వచ్చింది గానీ న్యాయశాఖ ఇంకా పాతవారి చేతిలోనే ఉంది.

పూర్తి పట్టాభిషేకం చేసింది ‘ఎనూమా ఎలిష్’ అనే ఏడు పలకల సృష్టి కావ్యం. అది క్రీ.పూ. రెండో సహస్రాబ్ది చివర్లో పుట్టిందని చాలామంది పండితుల అంచనా. ఆదిసముద్రం తియామత్ దేవతల మీదికి యుద్ధానికి వస్తుంది. పెద్దలు జంకుతారు. కుర్రవాడు మర్దూక్ ముందుకొచ్చి, నేను వెళ్తాను, కానీ ఇకమీదట నా మాటే శాసనం కావాలంటాడు. బేరం కుదురుతుంది. తియామత్‌ను చంపి, ఆ దేహాన్ని రెండుగా చీల్చి ఆకాశమూ భూమీ చేస్తాడు. చివర్లో దేవతలు ఆయనకు 50 పేర్లు పెడతారు. ఎన్లిల్ తన బిరుదును, తండ్రి ఈయా ఏకంగా తన పేరును ధారపోస్తారు. నా మటుకు నాకు యుద్ధఘట్టం కన్నా ఈ పేర్ల జాబితాయే ఆసక్తికరం. పదవి దిగిపోతున్న పెద్దలు సంతకాలు పెట్టి చార్జి అప్పగిస్తున్నట్టుంటుంది. తర్వాత అస్సీరియా బలపడ్డాక అక్కడి లేఖకులు ఇదే కావ్యంలో మర్దూక్ స్థానంలో తమ దేవుడు అష్షూర్‌ను కూర్చోబెట్టుకున్నారు.

దేవరాజు పదవి అంత పెద్దదైతే ఆయన విగ్రహాన్ని శత్రువులు ఎత్తుకుపోయినప్పుడు ఏం చెప్పాలి? ఆ పని పదేపదే జరిగింది. హిట్టైట్లు తీసుకెళ్లారు, అస్సీరియన్లు తీసుకెళ్లారు, ఏలామీయులు తీసుకెళ్లారు. బాబిలోన్ పూజారుల జవాబు గడుసుది. ‘మర్దూక్ జోస్యం’గా పేరుపడ్డ రచనలో దేవుడే స్వయంగా మాట్లాడతాడు: హిట్టైట్ల దేశానికి నేనే వెళ్లాను, 24 ఏళ్లున్నాను, బాబిలోన్ వర్తకులకు అక్కడ దారి చేశాను అని. చెరను ఆయన నోటితోనే వ్యాపారయాత్రగా మార్చేశారు. ఏలాం నుంచి విగ్రహాన్ని వెనక్కి తెచ్చిన బాబిలోన్ రాజు మొదటి నెబుకద్నెజర్ కీర్తి ఆ తర్వాత శతాబ్దాల పాటు నిలిచింది.

క్రీ.పూ. 689లో అస్సీరియా రాజు సెన్నాకెరీబ్ బాబిలోన్‌ను నేలమట్టం చేసి కాలువల నీళ్లు దాని మీదికి తిప్పాడు. అతని కొడుకు ఎసర్‌హద్దోన్ ఊరిని మళ్లీ కట్టాలనుకున్నాడు. చిక్కేమిటంటే, ఊరు 70 ఏళ్లు పాడుబడి ఉండాలని మర్దూక్ విధిపలక మీద రాశాడట. పరిష్కారం లెక్కల్లో దొరికింది. వారి లిపిలో 70 అంటే ఒక నిలువు మేకు గుర్తు, దాని పక్కన ఒక కోణం గుర్తు. వాటినే తారుమారు చేస్తే 11. దేవుడు దయతలచి పలకను తిరగేశాడని, 11 ఏళ్లకే శాపం తీరిందని రాజు శాసనం చెబుతుంది. విగ్రహం ఊరు చేరేసరికి మాత్రం క్రీ.పూ. 668 అయింది.

రాజుకు దేవుడి అవసరం ఎంతటిదో అకీతు పండుగలో కనిపిస్తుంది. వసంతంలో, నిసన్ను నెలలో కొత్త సంవత్సరపు ఉత్సవం. మన బ్రహ్మోత్సవాల్లాగే రోజుకో క్రతువు, చివరకు ఊరి వెలుపలికి ఊరేగింపు. నాలుగో రోజున ఎనూమా ఎలిష్ పారాయణం. ఐదో రోజున ప్రధాన పూజారి రాజు కిరీటమూ దండమూ తీసుకుని, చెంపమీద కొట్టి, చెవులు పట్టి దేవుడి ముందు మోకరిల్లజేస్తాడు. నేను ఊరికి కీడు చేయలేదు, పౌరుల చెంప మీద కొట్టలేదు అని రాజు చెప్పుకోవాలి. మళ్లీ ఒక దెబ్బ. కళ్లల్లో నీళ్లు తిరిగితే దేవుడికి ప్రీతి, తిరగకపోతే శత్రువు వస్తాడు. ఈ వివరాలున్న పలకలు గ్రీకుల పాలనాకాలం నాటివి కాబట్టి పాత రాజులంతా ఆ దెబ్బలు తిన్నారా అన్నది పండితుల మధ్య వాదనగానే ఉంది.

ఈ పండుగను పట్టించుకోని రాజు నబోనిదస్. అతని భక్తి చంద్రుడు సిన్ మీద. పైగా పదేళ్లపాటు అరేబియాలోని తైమాలో ఉండిపోయాడు. రాజు లేనిదే అకీతు లేదు. క్రీ.పూ. 539లో పర్షియా నుంచి సైరస్ వచ్చినప్పుడు, అలిగిన మర్దూక్ దేశదేశాలూ వెతికి ఈ పరాయి రాజును చేయిపట్టి తీసుకొచ్చాడని స్థూపాకారంలో ఉన్న ఒక మట్టి శాసనంపై రాశారు. 1879లో దొరికిన ఆ శాసనం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అలెగ్జాండర్ వారసుల కాలంలోనూ పరాయి రాజు బాబిలోన్ దేవుళ్ల అండ కోరే ఈ ఆనవాయితీ తప్పలేదు. క్రీ.పూ. 268లో గ్రీకు రాజు మొదటి ఆంటియోకస్ మర్దూక్ గుడికి, ఆయన కొడుకు, రాతపనికి దేవుడైన నబూ గుడికి ఇటుకలు తన చేతులతో చేశానని బాబిలోన్ లిపిలో, బాబిలోన్ భాషలోనే రాయించి, భార్య స్ట్రటోనిస్‌కూ కొడుక్కూ మేలు చేయమని నబూను వేడుకున్నాడు.