ఖాకీ చొక్కా మీద 'డాన్'

నగ్గెట్స్ తింటూ ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఆ ముక్క వెనక ఒక పెద్దమనిషి ఉన్నాడు. పేరు డాన్ టైసన్. ఊరు అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రం, స్ప్రింగ్‌డేల్.

1930ల్లో వాళ్ళ నాన్న జాన్ బతికున్న కోళ్ళని లారీకెత్తి షికాగో దాకా తీసుకెళ్ళి అమ్మేవాడు. డాన్ 1952లో చదువు మధ్యలో వదిలేసి ఆ వ్యాపారంలోనే దిగాడు. 1967లో కారుని రైలు గుద్ది జాన్ చనిపోయాడు. 36 ఏళ్ళకే కంపెనీ మొత్తం డాన్ చేతికొచ్చింది.

అతను పట్టుకున్న కిటుకు ఒకటే. ఉత్త కోడికి రోజుకో రేటు. అదే కోడిని ముక్కలు చేసి, పిండి పట్టించి, ఫ్రీజ్ చేసి అమ్మితే రేటు మన చేతిలో ఉంటుంది. 1980ల్లో మెక్‌డొనాల్డ్స్ నగ్గెట్స్ ఊపందుకున్నాక ఆ లెక్క ఎంత నిజమో తేలింది. 1989లో హాలీ ఫార్మ్స్ అనే పెద్ద పోటీదారుని కూడా కొనేశాడు.

ఆఫీసుకి ఖాకీ బట్టల్లోనే వచ్చేవాడు, చొక్కా మీద 'డాన్' అని కుట్టి ఉండేది. అచ్చం కార్మికుడిలా! కానీ ఆ ఆఫీసేమో వైట్‌హౌస్ ఓవల్ ఆఫీసుకి నకలు, తలుపు పిడులు గుడ్ల ఆకారంలో. నాకైతే నవ్వొచ్చింది. కంపెనీ డబ్బుతో అనుభవించిన సౌకర్యాల గురించి వాటాదారులకి సరిగ్గా చెప్పలేదన్న కేసులో 2005లో 7 లక్షల డాలర్లు కట్టాడు.

మరి కోళ్ళు పెంచిన రైతు? పిల్లలు, దాణా కంపెనీవి. షెడ్డు, దాని మీది అప్పు రైతువి. ఈ పద్ధతి డాన్ కనిపెట్టింది కాదు, కానీ అతని సామ్రాజ్యం నిలబడింది దీని మీదే. షాద్‌నగర్ దగ్గర మా మేనమామ షెడ్డు కూడా ఇలాంటి ఒప్పందం మీదే నడుస్తోంది. బ్యాచ్ ఎప్పుడు దింపాలో కంపెనీ చెప్పాలి. పోయిన ఎండాకాలం రెండు నెలలు షెడ్డు ఖాళీ. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగలేదు.