వంశపారంపర్యం, మేనరికం, వాహకం: ఉప్పల్-నాచారం జన్యుపరిశోధన వెలుగులో బాల్య నాడీక్షీణతా వ్యాధులు

ప్రవేశిక

ఆరు నెలల వరకు నవ్వుతూ, మెడ నిలుపుతూ, బోర్లాపడుతూ పెరిగిన బిడ్డ, నేర్చిన వాటిని ఒక్కొక్కటిగా కోల్పోవడం తెలుగునేలపై ఈనాడు పుట్టిన వింత కాదు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, చూపు నిలపలేకపోవడం, మెడ వాలిపోవడం, మూర్ఛలు, నాలుగైదేళ్లలో మరణం. ఈ క్రమాన్ని ఇళ్లలో దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, బాలగ్రహమన్నారు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం తొమ్మిది బాలగ్రహాలను పేర్కొన్నది. వాటిలో ఫలానాది నేటి టే-శాక్స్ వ్యాధి అని సమీకరించే మోజు మనకు కొంత ఉన్నది కాని, దానివల్ల అటు వైద్యచరిత్రకు, ఇటు సాహిత్యానికి ఒరిగేది లేదు. ఈ వ్యాధులకు కారణం చెప్పడానికి నేటికీ వాడుతున్న మూడు మాటలు ఉన్నాయి: వంశపారంపర్యం, మేనరికం, వాహకం. హైదరాబాదు తూర్పున ఉప్పల్, నాచారం ప్రయోగశాలలలో రూపొందిన జ్ఞానం ముందు ఈ మాటలు ఎంతవరకు నిలుస్తాయో, వాటి భారం ఎవరిమీద పడుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఉప్పల్ మార్గంలోని ప్రయోగశాలలు

పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో 1977లో ప్రాంతీయ పరిశోధనాలయం నుండి ఏర్పడిన సి.సి.ఎం.బి.కి ఉప్పల్ మార్గంలో హబ్సిగూడ వద్ద సొంత ప్రాంగణం సమకూరింది. 1987 నవంబరు 26న నాటి ప్రధాని రాజీవ్ గాంధీ దానిని జాతికి అంకితం చేశారు. అక్కడ లాల్జీ సింగ్ సాగించిన డి.ఎన్.ఏ. వేలిముద్రల పరిశోధనకు కొనసాగింపుగా, 1990వ దశకంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సి.డి.ఎఫ్.డి.ని నెలకొల్పింది. అది నాచారంలో చాలాకాలం పనిచేసి, నాంపల్లికి మారి, ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్నది. ఆ సంస్థ పేరులో రెండు పనులున్నాయి. ఒకటి వేలిముద్రలు, రెండవది వ్యాధినిర్ధారణ. పత్రికలు మొదటిదాన్నే గుర్తుంచుకున్నాయి. తెలుగు వార్తలలో ‘డి.ఎన్.ఏ. పరీక్ష’ అంటే తండ్రెవరో, హంతకుడెవరో తేల్చేదని అర్థం. బిడ్డ మెడ ఎందుకు వాలిపోయిందో చెప్పే పరీక్ష కూడా అక్కడే జరుగుతుందని చాలామందికి తెలియదు.

టే-శాక్స్ వ్యాధిలో కంటిలోని ఎర్రని చుక్కను 1881లో వారెన్ టే గుర్తించగా, 1887లో బెర్నార్డ్ శాక్స్ మెదడు క్షీణతను వర్ణించారు. హెక్సోసమినిడేజ్-ఎ అనే ఎంజైము లోపమే మూలమని 1969లో ఒకడా, ఓబ్రయన్ తేల్చారు. ఆ ఎంజైము లేనప్పుడు ఒక కొవ్వుపదార్థం విచ్ఛిన్నం కాక నాడీకణాలలో పేరుకుంటుంది. కణాలు క్రమంగా నశిస్తాయి. శాండ్‌హాఫ్, జి.ఎం.1 గాంగ్లియోసైడోసిస్ ఇదే కోవలోనివి. భారతీయ కుటుంబాలలో జి.ఎం.1 వ్యాధికి కారణమైన జన్యుమార్పులను వివరిస్తూ 2015లో వెలువడిన అధ్యయనంలో సి.డి.ఎఫ్.డి. పరిశోధకులు కూడా పాలుపంచుకున్నారు.

మొదటి మాట: వంశపారంపర్యం

ఈ సమాసంలో ‘పరంపర’ ఉన్నది. తాతకుండి, తండ్రికుండి, బిడ్డకు వచ్చినది అనే స్ఫురణ ఉన్నది. పై వ్యాధులు అలా రావు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక ప్రతి చెడినదై, మరొకటి మంచిదై ఉంటుంది కనుక వారు ఆరోగ్యవంతులు. రెండు చెడిన ప్రతులూ ఒకే బిడ్డకు చేరినప్పుడే వ్యాధి. అందుచేత “మా వంశంలో ఎవరికీ లేదు” అనే జవాబు నిజమే, కాని అది వ్యాధి స్వభావానికి విరుద్ధమైనది కాదు. ఆ జవాబు వెనుక మరొక వాక్యం పొంచి ఉంటుంది: “అయితే కోడలివైపు నుండి వచ్చి ఉంటుంది.” ప్రతి గర్భంలోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అని వైద్యులు చెబితే, “ఒకరికి వచ్చింది కదా, ఇక ముగ్గురికి రాదు” అని అర్థం చేసుకునేవారున్నారు.

రెండవ మాట: మేనరికం

ఈ మాటకు వైజ్ఞానిక ఆధారం లేకపోలేదు. హాల్డేన్ శిష్యుడైన కృష్ణ ద్రోణంరాజు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాల వ్యాప్తిని, ఫలితాలను 1963లోనే ప్రకటించారు. పూర్వికుని ఒకే జన్యుప్రతి రెండువైపుల నుండీ బిడ్డకు చేరే అవకాశం మేనమామ-మేనకోడలి పెళ్లిలో 8లో 1, మేనత్త, మేనమామ బిడ్డల పెళ్లిలో 16లో 1. శశిరేఖాభిమన్యుల కథను ‘మాయాబజార్’గా 1957 నుండి మురిపెంగా చూస్తున్న సమాజానికి ఈ లెక్క రుచించదు. అయినా గత కొన్ని దశాబ్దాలలో ‘మేనరికం వద్దు’ అన్న హెచ్చరిక పల్లెలకూ చేరింది. చిక్కు ఎక్కడంటే, మేనరికం కాని పెళ్లి నిరపాయమన్న భ్రమ కూడా దానితోపాటే చేరింది.

ఈ భ్రమను అగ్రవాల్ సమాజపు అనుభవం తొలగిస్తుంది. వారు గోత్రం తప్పించి, దగ్గరి బంధుత్వం తప్పించి పెళ్లిళ్లు చేసుకుంటారు. అయినా శైశవంలోనే తల పెద్దదై, క్రమంగా నడక దెబ్బతినే మెదడు తెల్లపదార్థపు వ్యాధి ఒకటి వారిలో ప్రత్యేకంగా కనిపిస్తున్నదని 1996లో ముంబయి వైద్యులు నివేదించారు. వారందరిలోనూ ఒకే జన్యుమార్పు ఉన్నదని 2004లో తేలింది. గోత్రాలు వేరైనా కులం ఒకటే.

దీనికి విస్తృతమైన వివరణ ఉప్పల్ మార్గం నుండే వచ్చింది. సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో ప్రకటించిన అధ్యయనం, ఆంధ్రప్రదేశ్ వైశ్యులు వంద తరాలకు పూర్వమే కొద్దిమంది మూలపురుషుల నుండి విస్తరించిన సమూహమని సూచించింది. 2017లో ఇదే బృందం 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించింది. వీటిలో 81 సమూహాలు అష్కెనాజీ యూదుల కంటె, ఫిన్లండ్ వారి కంటె సంకుచితమైన మూలం నుండి వచ్చినవని, వాటిలో 14 పది లక్షలకు మించిన జనాభా గలవని తేల్చింది. ఇది ఏ ఒక్క కులానికో అంటగట్టవలసిన దోషం కాదు. కులాంతర్వివాహం లేని ప్రతిచోటా ముఖపరిచయమైనా లేని వధూవరులు జన్యురీత్యా దూరపు దాయాదులు కావచ్చు. మేనరికాన్ని తప్పుపట్టడం సులభం, అది ఒక కుటుంబపు నిర్ణయం. కులాన్ని ప్రశ్నించవలసి వచ్చేసరికి మన ఆరోగ్యప్రచారం మౌనం వహిస్తుంది. ఈ మౌనాన్ని సాంఘికచరిత్రకారులు పట్టించుకోవలసి ఉన్నది.

మూడవ మాట: వాహకం

జన్యువు ఒక ప్రతి చెడినవారిని మన పాఠ్యపుస్తకాలు ‘వాహకులు’ అంటున్నాయి. మలేరియా పాఠంలో దోమ కూడా వాహకమే. తల్లిని ‘వాహకురాలు’ అన్నప్పుడు వినేవారికి ఏది స్ఫురిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. జన్యుధారకులు అనడం కొంత మేలని నా అభిప్రాయం. సమాన భాగస్వామియైన తండ్రికి ఈ మాట దాదాపు అంటదు. మా బంధువర్గంలోనే ఒక ఇంట బిడ్డ పోయినప్పుడు, పరీక్షలో దంపతులిద్దరి పేర్లూ ఉన్నా, ఏడాదిపాటు వ్రతాలు చేసింది తల్లి మాత్రమే.

అష్కెనాజీ యూదులలో 1971 నుండి ధారకులను గుర్తించే పరీక్షలు మొదలై టే-శాక్స్ జననాలు తొంభై శాతానికి పైగా తగ్గాయి. 1983లో ఒక యూదు మతగురువు, తన నలుగురు బిడ్డలను ఆ వ్యాధికి పోగొట్టుకున్న పిమ్మట, పెళ్లిచూపులకు ముందే ఇరువురి జన్యువులను పోల్చే ఏర్పాటు చేశారు. మన పెళ్లిసంబంధాలలోనూ పోల్చడం ఉన్నది. జాతక మేళనంలోని 36 గుణాలలో 8 నాడీకూటానివే, అదీ సంతానక్షేమం కోసమే. ప్రయోగశాలకు ఆ స్థానం లభించలేదు.

2021 అరుదైన వ్యాధుల జాతీయవిధానం నిమ్స్‌తో కలిపి సి.డి.ఎఫ్.డి.ని విశిష్టకేంద్రంగా గుర్తించింది. 2022లో చికిత్సాసహాయ పరిమితి 50 లక్షలకు పెరిగింది. టే-శాక్స్ వంటివాటికి వ్యాధిని నయంచేసే మందే లేదు కనుక, ఆ కుటుంబాలకు మిగిలేది తదుపరి గర్భంలో సుమారు పదకొండవ వారం తరువాత జరిపే పరీక్ష. దానికి మొదటి బిడ్డ వ్యాధి ఏదో ముందే నిర్ధారణ అయి ఉండడం చాలా ముఖ్యం. నిర్ధారణ కాకుండానే బిడ్డ పోయిన ఇంట, రెండవ గర్భంతో వచ్చిన తల్లిని మొదట అడిగే ప్రశ్న “మీది మేనరికమా?” అన్నదే.